నీళ్ల మీద పుట్టినవాడి భార్య

ఆ కాగితాన్ని గుండీల ఫ్యాక్టరీ గేటుకు అంటించిన రోజున ఒటీలియా హార్డర్ అది పూర్తిగా చదివి, మా చర్చిలో ముసలమ్మలకు ఎంత అవస్థ వచ్చిపడిందో చూడు అని పక్కనున్నామెతో జాలిపడింది. పంతొమ్మిది వందల పద్దెనిమిది, జర్మనీతో యుద్ధం నడుస్తున్న కాలం. జర్మనీ దేశస్థులైన ఆడవాళ్లంతా జూన్ పదిహేడు మొదలు ఇరవై ఆరులోగా పోలీసు స్టేషనుకు వెళ్లాలట. ఫోటోలిచ్చి, పది వేళ్ల ముద్రలూ వేసి, శత్రుదేశస్థులుగా పేరు రాయించుకోవాలట. తనకు సంబంధించిన సంగతేదో అందులో ఉందని ఆమెకు తోచనే లేదు. తను పుట్టిన ఇల్లు ఆ ఫ్యాక్టరీకి నాలుగు వీధుల అవతల. నలభై రెండేళ్ల బతుకులో ఆమె అయోవా రాష్ట్రం పొలిమేర దాటింది ఒక్కసారే, నది మీది వంతెన దాటి ఇల్లినాయ్ ఒడ్డున ఒక పెళ్లికి.

పదిహేడో తేదీ సోమవారం. ఫోర్‌మన్ ట్రాస్క్ ఆమె బల్ల దగ్గరకు వచ్చి నిలబడ్డాడు. ఏటి ఆల్చిప్పల్లోంచి కోసిన గుండీలను మెరుపును బట్టి ఏరి అట్టల మీద కుట్టడం ఒటీలియా పని. పెళ్లికి ముందు ఐదేళ్లు చేసింది. మొగుడు వెళ్లిపోయాక మళ్లీ చేరి తొమ్మిదేళ్లుగా చేస్తోంది. ట్రాస్క్ చెడ్డవాడు కాడు, కానీ పైవాళ్ల మాటను కిందికి మోసుకొచ్చేటప్పుడు అతనికి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. ఆ రోజు గుండీల బుట్ట వైపు చూస్తూ మాట్లాడాడు.

"నీ మొగుడికి పౌరసత్వం కాగితాలున్నాయా?"

"ఆయన ఇక్కడ లేడు కదండీ."

"ఎక్కడున్నాడని కాదు. కాగితాలున్నాయా అని."

ఒటీలియాకు తెలియదు. ఫ్యాక్టరీ ఇప్పుడు సైన్యం చొక్కాలకు గుండీలు పంపుతోందనీ, శత్రుదేశస్థులను ఒక్కరిని కూడా గేటు లోపలికి రానివ్వొద్దని యజమాని చెప్పాడనీ ట్రాస్క్ అన్నాడు. ఇరవై ఆరో తేదీ దాకా గడువిస్తానని, ఆలోగా ఏదో ఒక కాగితం తెచ్చుకోమని చెప్పి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఆమె కుట్టిన అట్ట మీద గుండీలు వంకరగా వచ్చాయి. పద్నాలుగేళ్ల పనిలో ఎప్పుడూ అలా జరగలేదు.

మధ్యాహ్నం తిండి వేళ పోలీసు స్టేషనుకు పరుగెత్తింది. అక్కడ సార్జెంటు గిల్‌ఫాయిల్ చిన్నప్పుడు వాళ్ల వీధిలోనే పెరిగినవాడు. అతను కుర్చీ చూపించి, పుస్తకం తీసి, చట్టం ఏం చెబుతోందో నెమ్మదిగా వివరించాడు. ఆడదానికి వేరే దేశమంటూ ఉండదు. మొగుడిది ఏ దేశమో ఆమెదీ అదే. ఇక్కడ పుట్టినా సరే, పరాయి దేశంవాణ్ని కట్టుకున్న రోజే ఆ దేశస్థురాలైపోతుంది.

"అదేంటి? నేను జర్మనీ మొహం కూడా చూడలేదే."

"చూడక్కర్లేదమ్మా. మీ ఆయన డెట్లెఫ్ ఏమైనా చనిపోయాడా? చనిపోయి ఉంటే మీరు విధవరాలు, మళ్లీ అమెరికా మనిషే. ఆ కాగితమున్నా చాలు."

ఒటీలియాకు అదీ తెలియదు. డెట్లెఫ్ నదిలో ఆల్చిప్పలు పట్టేవాడు. ఇక్కడి అడుగున చిప్పలు తరిగిపోయాక, దక్షిణాన అర్కన్సా నదుల్లో ఇంకా దండిగా ఉన్నాయని విని, పంతొమ్మిది వందల తొమ్మిది వసంతంలో పడవేసుకుని పోయాడు. రెండు ఉత్తరాలు వచ్చాయి, మూడోది రాలేదు. ఎవరైనా అడిగితే, నదినే అడగండి అనేది. వెతికించడానికి పౌరుషం అడ్డొచ్చింది. వదిలేసినవాణ్ని వెంటపడి వెతకడం తనకు చేతకాదనుకుంది. ఇప్పుడు అదే మనిషి ఉన్నాడో లేడో తేలితే గాని తన పని నిలబడదు.

ఆ సాయంత్రం కూతురు ఆల్మాకు అంతా చెప్పింది. ఆల్మాకు పంతొమ్మిదేళ్లు, టెలిఫోను ఎక్స్ఛేంజిలో పని. గవర్నరు గారు మే నెలలో ఒక ఉత్తరువు వేశారు. వీధిలో, రైల్లో, బడిలో, గుడిలో, టెలిఫోనులో ఇంగ్లీషు తప్ప వేరే మాట వినిపించకూడదు. అప్పటినుంచి తీగల మీద ఎవరైనా జర్మన్ మాట్లాడితే వాళ్ల పేరు రాసివ్వడం కూడా ఆల్మా పనిలో భాగమైంది. తల్లి శత్రువుల జాబితాలో చేరితే తన గతేమిటో ఆ పిల్లకు బాగా తెలుసు. రై రొట్టె ముక్క చేతిలో పట్టుకునే కూర్చుండిపోయింది, తినలేదు.

"నాన్న చచ్చిపోయాడని ప్రమాణం చెయ్యమ్మా. అయిపోతుంది."

"బతికుంటేనో? రేపు ఎక్కడో తేలితే నన్ను జైల్లో పెడతారు. అయినా బతికున్న మనిషిని నా నోటితో ఎలా చంపమంటావే?"

"తొమ్మిదేళ్లుగా ఆయన మనసులో మనల్ని చంపేసుకునే బతకట్లేదా?" అంది ఆల్మా.

ఒటీలియా లేచి గిన్నెలు తీసింది. గిన్నెలు కడుగుతుంటే అత్తగారు గుర్తొచ్చింది. ఆ ముసలావిడ కొడుకు మీద విసుగొచ్చినప్పుడల్లా ఒక మాట అనేది: వీడు నీళ్ల మీద పుట్టాడు, వీడి కాలు నేల మీద నిలవదు. ఇన్నాళ్లూ అది తిట్టే అనుకుంది. ఆ కుటుంబం జర్మనీ నుంచి వచ్చింది న్యూ ఆర్లియన్స్ రేవు మీదుగా, అక్కడి నుంచి స్టీమరులో నది ఎగువకు. నీళ్ల మీద అంటే ఏ నీళ్లు? సముద్రమా, నదా? నది మొత్తం ఈ దేశంలోదే. నది మీద పుట్టి ఉంటే అతను పుట్టుకతోనే అమెరికావాడు. తను కూడా.

మర్నాడు గిల్‌ఫాయిల్‌ను అడిగింది. అతను గడ్డం గోక్కుని, నదిలో పుడితే మనవాడేనమ్మా, కానీ రాసున్న కాగితం కావాలి, లేదా అప్పుడు అక్కడున్న మనిషి వచ్చి ప్రమాణం చెయ్యాలి అన్నాడు.

బుధవారం కోర్టు కచేరీలో పాత పుస్తకాలు తిరగేయించింది. మామగారు క్లాస్ హార్డర్ పేరు దొరికింది. పౌరసత్వానికి మొదటి అర్జీ వేశాడు, రెండోది వెయ్యలేదు. ఆయన పౌరుడు కాలేదు కాబట్టి కొడుకూ కాలేదు. దుక్కి దున్నడానికి కాగితమెందుకు అనేవాడు, ఒటీలియా చెవులారా విన్న మాటే. ప్రష్యా రాజు సైన్యంలో చేరమంటాడని ఊరొదిలి పారిపోయి వచ్చినవాడు ఆయన. ఏ రాజు దగ్గరా మళ్లీ పేరు రాయించుకోనని పంతం. ఆ పంతం యాభై ఏళ్ల తర్వాత కోడలి మెడకు చుట్టుకుంది.

గురువారం పని మానేసి పాలబండి మీద న్యూ ప్లోయెన్ వెళ్లింది. హార్డర్ కుటుంబం మొదట దిగిన పల్లె అది. బాప్తిస్మం పుస్తకంలో పిల్లవాడు పుట్టిన తేదీతో పాటు చోటు కూడా రాస్తారు. పాస్టర్ ఎగర్స్ డెబ్బై దాటిన మనిషి. వరండాలోనే నిలబెట్టి, వచ్చీరాని ఇంగ్లీషులో, చిన్నపిల్లవాడు పాఠం అప్పజెప్పినట్టు మాట్లాడాడు. రోడ్డు మీద ఒక బండి వెళ్తుంటే అది కనుమరుగయ్యేదాకా ఆగాడు. తర్వాత ఆమెను దుంపలు దాచే నేలమాళిగలోకి తీసుకుపోయి, తలుపు మూసి, సొంత భాషలోకి వచ్చాడు.

"పుస్తకం లేదమ్మా."

"ఎవరైనా పట్టుకెళ్లారా?"

"కాల్చేశారు. జూన్ మొదటివారంలో టౌను నుంచి రెండు కార్లలో వచ్చారు. చర్చిలో, బడిలో ఉన్న జర్మన్ పుస్తకాలన్నీ తెచ్చి రోడ్డు మీద కుప్ప పొయ్యమన్నారు. నేనే మోశాను. నా చేతులతో నేనే. బాప్తిస్మం పుస్తకాన్నైనా నా కోటు కింద దాచుకోవాల్సింది. భయమేసిందమ్మా, అప్పుడు బుర్ర పనిచెయ్యలేదు."

ఆయన ఏడవలేదు. దుంపల గోనె మీద కూర్చుని, ఎవరికి ఎప్పుడు బాప్తిస్మమిచ్చాడో నోటికి వచ్చినవి జ్ఞాపకం చేసుకుని రాస్తున్నానని, ఇప్పటికి రెండు వందల పన్నెండు పేర్లు తేలాయని చెప్పాడు. డెట్లెఫ్ సంగతి ఆయనకు తెలియదు. అప్పటికి ఆయన ఇంకా ఈ దేశానికే రాలేదు. వీబ్కేను అడుగు, ఓడలో ఆవిడ ఉంది కదా, అప్పటికి పన్నెండేళ్లది అన్నాడు.

వీబ్కే డెట్లెఫ్ అక్క. పెళ్లి చేసుకోకుండా తల్లిదండ్రులనూ, వాళ్ల పొలాన్నీ చూసుకుంది. పొలం పోయాక, నడుం విరిగాక, కౌంటీవాళ్ల పేదల ఆశ్రమంలో చేరింది. తమ్ముణ్ని ఒటీలియాయే నోటితో తరిమేసిందని ఆమె నమ్మకం. ఆ మాట ఒక క్రిస్మస్ పండగనాడు పదిమందిలో అనేసింది కూడా. తర్వాత ఒటీలియా ఆవిడ మొహం చూడలేదు. ఆశ్రమంలో చేరిందని విన్నా వెళ్లలేదు. ఇప్పుడు అవసరం పడి వెళ్తున్నానని దారంతా సిగ్గుపడుతూనే వెళ్లింది.

ఆదివారం మధ్యాహ్నం. ఆశ్రమం చూసుకునే మేట్రన్ గుమ్మం దగ్గరే ముందుగా చెప్పింది, ఇక్కడ ఇంగ్లీషే మాట్లాడాలి అని. వీబ్కేకు ఇంగ్లీషు రాదు. ఆవిడ మే నెల నుంచి ఒక్క మాట మాట్లాడలేదట. మూగదయిపోయిందేమో అనుకుంటున్నాం అంది మేట్రన్, పెద్ద బాధేమీ లేకుండా.

ఒటీలియా వదినగారి చెయ్యి పట్టుకుని, కాస్త గాలి తగులుతుందని చెప్పి, చిక్కుడు పందిళ్ల చివరికంటా నడిపించింది. ఎవరూ వినరని రూఢి చేసుకున్నాక, వదినా, అంది. వీబ్కే ఆమె కేసి తిరిగింది.

"బతికే ఉన్నావన్నమాట. నీకు నేను గుర్తు రావడానికి యుద్ధం కావలసొచ్చిందా?"

"నన్ను తిట్టు వదినా. తర్వాత తిట్టు. ముందు ఒక్కటి చెప్పు. డెట్లెఫ్ ఎక్కడ పుట్టాడు?"

సంగతంతా విన్నాక వీబ్కే చిక్కుడు ఆకు ఒకటి తుంచి నలుపుతూ కూర్చుంది. నెల రోజులుగా మూతబడిన నోరు, మొదట మాటలు గరగరలాడాయి. హాంబర్గులో ఓడెక్కడం, యాభై మూడు రోజుల ప్రయాణం, పురుగుల బిస్కెట్లు, ఉప్పు చేపలు, నిండు చూలాలైన తల్లి. రెండేళ్ల చెల్లెలికి జ్వరమొచ్చి పోతే గోనెగుడ్డలో కుట్టి సముద్రంలోకి జార్చారు. నాన్న టోపీ తీశాడు, అమ్మ పైకి రాలేకపోయింది. ఇవన్నీ ఒటీలియా మొదటిసారి వింటోంది. పన్నెండేళ్లు కాపురం చేసినా డెట్లెఫ్ ఒక్కటీ చెప్పలేదు, బహుశా అతనికీ ఎవరూ చెప్పలేదేమో.

"ఒకరోజు పొద్దున్నే నీళ్ల రంగు మారింది. నీలం పోయి బురద. ఒడ్డు కనపడదు, ఏదీ కనపడదు, నీళ్లు మాత్రం బురద. అదే మిసిసిపీ అన్నారు నావికులు, ఇంకా ఒకరోజు దారి ఉంది గానీ నది మనకి ఎదురొచ్చింది అన్నారు. అమ్మకి అప్పుడే నొప్పులొచ్చాయి. దీపాలు పెట్టేవేళకి పుట్టాడు."

"అంటే నదిలోనా?"

"సముద్రంలోనే, నది నీళ్ల మీద. ఏం రాసుకుంటావో రాసుకో."

సముద్రంలో పుడితే అతను జర్మనీవాడే, తనూ అంతే అని ఒటీలియాకు అర్థమైంది. అడగకుండా ఉండాల్సిందని కూడా అనిపించింది. అప్పుడు వీబ్కే ఇంకో సంగతి కూడా చెప్పింది. డెట్లెఫ్ తనకు ఏడాదికొక ఉత్తరం రాస్తాడనీ, అర్కన్సాలో చిప్పలు పట్టేవాళ్ల గుడారాల్లో ఇంకో ఆవిడతో ఉంటున్నాడనీ, మొన్న ఈస్టరుకు కూడా రాశాడనీ. ఈ మాట నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు, చెప్పకుండానే నిన్ను తిట్టుకుంటూ వచ్చాను అంది. అంది గానీ క్షమించమనలేదు. ఒటీలియా ఎదురు చూడనూ లేదు.

చివరికి వీబ్కేయే అంది, "నది ఒడ్డున ఇల్లినాయ్‌లో కైరో అనే ఊరి దగ్గర స్టీమరు మీద పుట్టాడని చెప్తాను. చూసినదాన్ని నేనొక్కదాన్నే కదా. ఎవరొచ్చి కాదంటారు?"

"అబద్ధపు ప్రమాణం వదినా."

"దేవుడికి జర్మన్ వచ్చులే. ఆయనకి విడిగా చెప్పుకుంటాను."

మంగళవారం ఆశ్రమం నుంచి రెండు రోజులు బయటికి తీసుకుపోతానని అడిగి, వీబ్కేను ఇంటికి తెచ్చింది. ఆ సాయంత్రమంతా తల్లీ కూతుళ్లు ఆ ముసలావిడకు ఇంగ్లీషు నేర్పారు. నా తమ్ముడు కైరో దగ్గర స్టీమరు మీద పుట్టాడు, నేను చూశాను. ఒక్క వాక్యం. వీబ్కే నోట్లో అది చేపముల్లులా అడ్డం పడేది. కైరోను ఒకసారి కీరో అని, ఒకసారి కారో అని, మూడోసారి అసలు ఆ ఊరే వదిలేసి చెప్పింది. ఆల్మాకు నవ్వొచ్చింది, నవ్వుతూనే ఏడ్చింది. వారం రోజులుగా ఆ పిల్ల తల్లితో సరిగా మాట్లాడటం లేదు. ఆ సాయంత్రం మాత్రం మేనత్త తల దువ్వి జడ చుట్టింది.

బుధవారం ఇరవై ఆరో తేదీ. చివరి రోజు కావడం వల్ల స్టేషను వరండా నిండా ఆడవాళ్లే. చర్చి టోపీలు పెట్టుకుని, చేతిలో ఫోటోలు పట్టుకుని, ఒక్కరూ మాట్లాడకుండా గోడవారగా నిలబడ్డారు. తమకు వచ్చిన భాష మాట్లాడకూడదు, మాట్లాడదగ్గ భాష సగంమందికి రాదు. ఒటీలియా వంతు వచ్చేసరికి బల్ల దగ్గర గిల్‌ఫాయిల్ లేడు. పొరుగూరి నుంచి తెచ్చిన ఆఫీసరు ఒకాయన ఉన్నాడు. ఒటీలియా నిదానంగా, నేర్చుకున్నట్టే చెప్పింది: మా ఆయన నది మీద పుట్టాడు, చూసిన మనిషిని తీసుకొచ్చాను.

ఆఫీసరు వీబ్కే కేసి తిరిగి ఏదో అడిగాడు. అడిగింది పేరే. కానీ అది ఆవిడ నేర్చుకున్న వాక్యానికి ముందు వస్తుందని ఎవరూ చెప్పలేదు. వీబ్కే ఒటీలియాను చూసింది. గోడమీది జెండాను చూసింది. ఆయన గొంతు పెంచి మళ్లీ అడిగాడు. అంతే, ఇంగ్లీషంతా ఎగిరిపోయింది. చిక్కుడు పందిళ్ల దగ్గర చెప్పినదంతా మొదటినుంచీ అందుకుంది, ఓడ, బిస్కెట్లు, గోనెగుడ్డ, బురద నీళ్లు, దీపాలవేళ, గట్టిగా, తన పల్లె జర్మన్‌లో, అమెరికా పోలీసు స్టేషను నడిమధ్యన. వరండాలో ఆడవాళ్లలో ఒకరు గట్టిగా ఊపిరి పీల్చారు. ఇంకొకామె ముఖం గోడవైపు తిప్పుకుంది. ఒటీలియా వదిన నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

ఆఫీసరు కేకలు వెయ్యలేదు. కలం కింద పెట్టి, ఈవిడ ఎక్కడ పుట్టింది అని అడిగాడు.

"జర్మనీలో, హోల్‌స్టైన్‌లో," అంది ఒటీలియా.

"పేరు రాయించుకుందా?"

లేదు. ఆశ్రమంవాళ్లకు ఆ సంగతి పట్టలేదు, ఒటీలియాకు తన గొడవలో తట్టలేదు.

"ఈవిడే శత్రుదేశస్థురాలు. ఈవిడ మాట నీకు సాక్ష్యమెలా అవుతుంది? ఇవాళ సాయంత్రంలోగా రాయించుకోకపోతే ఈవిణ్ని లోపల వెయ్యాలి, తెలుసా? పోనీ నువ్వన్నా నిజం చెప్పు. నీ మొగుడు ఎక్కడ పుట్టాడు?"

అప్పుడు ఆమె అబద్ధం చెప్పగలిగేదే. వాక్యం నోటి చివరే ఉంది. వీబ్కే ఆమె మోచెయ్యి వదలకుండా పట్టుకుంది. ఈవిడను ఈ బల్ల ముందుకు ఈడ్చుకొచ్చింది నేనే కదా అనిపించింది. వదినను ఒక్కర్తినీ శత్రువుగా రాయించి, తను అమెరికా మనిషిగా ఇంటికి ఎలా పోతుంది?

"సముద్రం మీద," అంది. "మా ఇద్దరికీ రాయండి."

ముందు వీబ్కే వేళ్లు అద్దించారు. తర్వాత ఒటీలియావి. ఏళ్ల తరబడి గుండీలు ఏరి ఏరి వేలి కొసలు అరిగి నున్నబడ్డాయి. ముద్ర పడక రెండు మూడుసార్లు నొక్కాల్సి వచ్చింది. వరండా బయటికి వచ్చేదాకా ఇద్దరూ చేతులు గాలిలోనే పెట్టుకుని నడిచారు, బట్టలకు సిరా అంటుతుందని.

మర్నాడు ట్రాస్క్ గేటు దగ్గరే ఆమె కత్తెర, అంగుళితొడుగు ఉన్న సంచీ చేతికిచ్చాడు. వారం తిరక్కుండా ఎక్స్ఛేంజిలో ఆల్మాను పిలిచి తల్లి సంగతి అడిగారు. ఆ పిల్ల ఎదురు చెప్పకుండా హెడ్‌సెట్ బల్ల మీద పెట్టేసి, డేవెన్‌పోర్ట్‌లో ఒక బట్టల కొట్టులో పని వెతుక్కుంది. వెళ్లేటప్పుడు తల్లిని కావిలించుకుంది గానీ, నాన్న చచ్చిపోయాడని ఒక్క మాట అంటే సరిపోయేదమ్మా అని అనకుండా ఉండలేకపోయింది. ఉత్తరాలు వచ్చేవి, పొడిగా, ఇంగ్లీషులో.

వీబ్కేను ఆశ్రమానికి తిరిగి పంపలేదు. ఒటీలియా ఇంటి వెనక కాగు పెట్టి ఊరివాళ్ల బట్టలు ఉతకడం మొదలుపెట్టింది. చాలామంది ఇవ్వడం మానేశారు, కొందరు చీకటి పడ్డాకే వచ్చి పట్టుకుపోయేవారు, కొందరు మామూలుగానే ఇచ్చారు. జూలై ఉక్కలో కిటికీలన్నీ బిగించుకుని ఇద్దరూ మెల్లగా జర్మన్‌లో మాట్లాడుకునేవారు. అలా మాట్లాడుకుంటుంటే ఒకనాడు ఒటీలియాకు పాస్టర్ సంగతి గుర్తొచ్చి, ఆల్మా వదిలేసిపోయిన బడి నోట్‌బుక్ తీసింది. హార్డర్ల పేర్లన్నీ రాయడం మొదలుపెట్టింది. ఎవరు ఎవరికి పుట్టారు, ఏ ఊరు, ఎలా పోయారు. ఎవరికోసమో ఆమెకే తెలియదు. మొగుడి వంశం, వదిలేసినవాడి వంశం. అయినా, ఈ వంశం పేరుతోనే కదా తన వేళ్లకు సిరా పూశారు, ఆ పేరు వెనక ఎవరెవరున్నారో తెలుసుకునే హక్కు తనకుంది అనుకుంది.

నవంబరులో యుద్ధం ఆగింది. పేరు రాయించుకున్నప్పుడు పోలీసులిచ్చిన శత్రుదేశస్థుల కార్డులు క్రిస్మస్‌కు చెల్లవన్నారు. గవర్నరు ఉత్తరువు కూడా పోయింది. ఫ్యాక్టరీకి వెళ్లి అడిగితే ఆమె బల్ల దగ్గర వేరే మనిషి కూర్చుని ఉంది. కార్డులు పోయాయి గానీ చట్టం అలాగే ఉంది, ఆమె ఇంకా జర్మనీ మనిషే. పంతొమ్మిది వందల ఇరవై నవంబరులో ఊళ్లో ఆడవాళ్లంతా మొదటిసారి ఓటు వెయ్యడానికి వరస కట్టినప్పుడు, వాళ్ల గౌనుల్లో నాలుగైదింటికి గంజి పెట్టి ఇస్త్రీ చేసింది ఒటీలియాయే.

అప్పటికి వీబ్కే లేదు. ఆ ఫిబ్రవరిలో ఊపిరితిత్తులకు జబ్బు చేసి పోయింది. చివరి వారంలో నోట్‌బుక్‌లో అన్నీ నిండాయి, ఒక్క గీత తప్ప. గోనెగుడ్డలో కుట్టిన చెల్లెలి పేరు ఆవిడకు ఎంతకీ తట్టలేదు. ఒటీలియా మంచం పక్కన కూర్చుని ఆ కాలం పేర్లు ఒకటొకటే చెప్పి చూసింది. ఆంకే. కాదు. ఎల్సబె. కాదు. ట్రీనా. కాదు. గేషే అన్నప్పుడు వీబ్కే కళ్లు తెరిచి కాసేపు ఆలోచించి, ఊహూఁ, అది మా ఆవు పేరు అంది.

ఒటీలియా ఆ చోట, ఆడపిల్ల, రెండేళ్లు, సముద్రంలో, అని మాత్రం రాసి, పేరుకు పట్టేంత జాగా ముందు వదిలింది.